ప్రోటోకాల్ ఎవరి మాటను నమ్ముతోంది? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఒడిశాలోని గజపతి, రాయగడ, గంజాం జిల్లాల నుంచీ, మహారాష్ట్రలోని గడ్చిరోలి, నాందేడ్ జిల్లాల నుంచీ ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నీ దాదాపు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. సైబర్ భద్రత నేర్చుకోవాలనుకునేవారు ఇంటర్నెట్ మూల ప్రోటోకాల్స్‌ను, అంటే కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే నియమాలను, ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా చదవాలి అన్నదే ఆ విషయం. అందుకే ఈసారి శీర్షికను పూర్తిగా దానికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: నేను బీఎస్సీ కంప్యూటర్ సైన్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. కొద్ది వారాల్లోనే ఎథికల్ హ్యాకింగ్ నేర్పిస్తామనీ, టూల్స్ అన్నీ చేతితో చేయిస్తామనీ ఒక శిక్షణ సంస్థ వారు చెబుతున్నారు. మా అధ్యాపకులు మాత్రం ముందు టీసీపీ, ఐపీ సరిగా నేర్చుకోమంటున్నారు. ఎవరి మాట వినమంటారు?
– ఒక విద్యార్థి, పర్లాకిమిడి

జవాబు: మీ అధ్యాపకుల మాటే వినండి. ఐపీ అంటే సమాచారపు ముక్కలను, అంటే ప్యాకెట్లను, చిరునామా చూసి చేర్చే ప్రోటోకాల్. అవి పోకుండా, వరుస తప్పకుండా చేరేలా చూసేది టీసీపీ. టూల్స్ నేర్చుకోవడం తప్పు కాదు గానీ, ప్రోటోకాల్ తెలియనివారికి టూల్ చెప్పే జవాబు అర్థం కాదు. ఎన్‌మ్యాప్ అనే పోర్టు స్కానర్‌నే తీసుకోండి. పోర్టు అంటే యంత్రంలో ఒక్కొక్క సేవకు ఉండే తలుపు సంఖ్య. అది ఒక్కొక్క పోర్టు పక్కన ఓపెన్ అనో, క్లోజ్డ్ అనో, ఫిల్టర్డ్ అనో రాస్తుంది. టీసీపీ తెలియనివారికి అవి మూడు మాటలు మాత్రమే. తెలిసినవారు దాని వెనుక జరిగింది చూడగలరు. స్కానర్ పంపిన సిన్ ప్యాకెట్‌కు (‘మాట్లాడదామా’ అనే పలకరింపుకు) సిన్-ఆక్ (‘సరే’ అనే జవాబు) వచ్చింది కాబట్టి అక్కడ ఏదో సేవ నడుస్తోంది. రీసెట్ వచ్చిందంటే యంత్రం ఉంది గానీ ఆ పోర్టులో వినేవారు లేరు. జవాబే రాలేదంటే మధ్యలో ఏదో ఫైర్‌వాల్ ఆ ప్యాకెట్‌ను మౌనంగా పారేసి ఉండవచ్చు. ఈ మూడు సందర్భాల్లో తరువాత వేయవలసిన అడుగు వేరు, రాయవలసిన నివేదిక వేరు. ఉద్యోగంలో మిమ్మల్ని అడిగేది ఆ తేడా గురించే.

ఇక్కడ కొంచెం చరిత్ర తెలిసి ఉండటం అవసరం. వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ 1974లో ప్రచురించిన టీసీపీ ఆలోచన పెరిగి పెరిగి, 1983 జనవరి 1న నేటి ఇంటర్నెట్‌కు ముందు రూపమైన ఆర్పానెట్ మొత్తం టీసీపీ/ఐపీకి మారింది. అప్పట్లో ఆ వలలో ఉన్నవి విశ్వవిద్యాలయాలు, పరిశోధనశాలలు, సైనిక సంస్థలు. ఎవరు ఎవరో చాలావరకు తెలిసిన ఆ లోకంలో దారి తప్పకుండా ప్యాకెట్ చేరడం ఎలా అన్నదే పెద్ద సమస్య, పంపినవాడు నిజం చెబుతున్నాడా అన్నది అంత పెద్ద సమస్య కాదు. ఆ నమ్మకంలోని లోపాలను భద్రతా పరిశోధకుడు స్టీవెన్ బెల్లోవిన్ 1989లోనే ఒక వ్యాసంలో వరుసగా ఎత్తి చూపించారు. నేటి దాడుల్లో చాలావాటి మూలం ఇప్పటికీ అక్కడే ఉంది. అందుచేత ఏ ప్రోటోకాల్ చదివినా ఒక్క ప్రశ్న దగ్గర పెట్టుకోండి: ఇది ఎవరి మాటను, ఏ ఆధారంతో నమ్ముతోంది?

ఆ ప్రశ్నతో ముందుగా, ఒక ఐపీ చిరునామా ఏ యంత్రానిదో స్థానిక నెట్‌వర్క్‌లో కనుక్కునే ఏఆర్‌పీని చదవమని నా సలహా. అది చిన్నది, మీ ఇంట్లోని వైఫైలోనే నడుస్తుంది, 1982 నుంచి ఉంది. 192.168.1.1 అనే ఐపీ చిరునామా ఉన్న యంత్రం ఏది అని మీ కంప్యూటర్ స్థానిక నెట్‌వర్క్ అంతటికీ వినబడేలా అడుగుతుంది. ఆ చిరునామా నాదే, నా మ్యాక్ చిరునామా (నెట్‌వర్క్ పరికరానికి ఉండే గుర్తింపు సంఖ్య) ఇది అని ఎవరు చెబితే దాన్ని రాసిపెట్టుకుంటుంది. రద్దీగా ఉన్న రైల్వే ప్లాట్‌ఫామ్ మీద ‘ఫలానా వారు ఎవరండీ’ అని కేకవేసి, ముందు చేయెత్తినవారికి సంచి ఇచ్చేయడం వంటిది ఇది. గుర్తింపు కార్డు అడిగే ఏర్పాటు ఆ ప్రోటోకాల్‌లోనే లేదు. అంతేకాదు, అడగకుండానే వచ్చి చెప్పిన మాటను కూడా చాలా యంత్రాలు నమ్మేస్తాయి. ఒకే వైఫైలో ఉన్న దుర్మార్గుడు మీ కంప్యూటర్‌కు ‘రౌటర్‌ను నేనే’ అని, రౌటర్‌కు ‘ఆ కంప్యూటర్‌ను నేనే’ అని చెప్పి మధ్యలో కూర్చోగలగడానికి కారణం ఇదే. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఏఆర్‌పీ ఆదేశానికి ‘-ఏ’ చేర్చి నడిపితే మీ యంత్రం ప్రస్తుతం ఎవరెవరి మాట నమ్మి ఉందో ఆ పట్టిక కనబడుతుంది.

దాని తరువాత ఐపీ, దారిలోని లోపాల కబురు చెప్పే ఐసీఎంపీ చూడండి. అవి అర్థమయ్యాక టీసీపీ మీద తీరిగ్గా కూర్చోండి, చేరిందా లేదా అని చూడకుండా పంపేసే యూడీపీని త్వరగా దాటవచ్చు. పిమ్మట వెబ్‌సైట్ పేరుకు ఐపీ చిరునామా చెప్పే డీఎన్‌ఎస్, వెబ్ పేజీలు తెచ్చే హెచ్‌టీటీపీ, చివరికి ఆ సంభాషణను రహస్యంగా ఉంచే టీఎల్‌ఎస్. పెద్ద పెద్ద నెట్‌వర్క్‌ల మధ్య దారులు నిర్ణయించే బీజీపీని ఇప్పుడే పట్టుకోవద్దు. 2008 ఫిబ్రవరిలో పాకిస్తాన్‌లోని ఒక టెలికాం సంస్థ తన దేశంలో యూట్యూబ్‌ను ఆపబోయి తప్పుడు దారిని ప్రకటించడంతో, ప్రపంచంలో చాలా చోట్ల యూట్యూబ్ కొంతసేపు అందకుండా పోయింది. అదీ అడిగి నిర్ధారించుకోకుండా నమ్మిన కథే, కానీ ముందు మీ ఇంటి నెట్‌వర్క్ అర్థమైతే అది తేలిగ్గా తలకెక్కుతుంది.

ప్రశ్న: మాస్టారూ, వైర్‌షార్క్ పెట్టుకున్నాను. తెరవగానే వేల లైన్లు పరుగెడుతున్నాయి, దేన్ని చూడాలో తెలియక మూసేస్తున్నాను. ఒక్క వెబ్‌సైట్ తెరిస్తే లోపల జరిగేది వరుసగా ఎలా చూడాలో చెప్పగలరా?
– బీటెక్ విద్యార్థిని, రాయగడ

జవాబు: తప్పకుండానమ్మా. వైర్‌షార్క్ అంటే నెట్‌వర్క్‌లో వచ్చిపోయే ప్యాకెట్లను పట్టి చూపే ప్రోగ్రాము. మిగతా ప్రోగ్రాములన్నీ మూసేయండి. వైర్‌షార్క్‌లో మీ వైఫైని ఎంచుకుని, పైనున్న ఫిల్టర్ పెట్టెలో డీఎన్‌ఎస్ అని చిన్న అక్షరాలతో ఇవ్వండి. ఇప్పుడు కమాండ్ ప్రాంప్ట్‌లో ఎన్‌ఎస్‌లుకప్ ఆదేశంతో ఏదైనా ఒక వెబ్‌సైట్ పేరు అడగండి. బ్రౌజర్‌తో కాకుండా ఇలా ఎందుకంటే, నేటి బ్రౌజర్లు కొన్ని డీఎన్‌ఎస్ ప్రశ్నలను కూడా ఎన్‌క్రిప్ట్ చేసి పంపుతాయి, అప్పుడు ఈ ఫిల్టర్‌లో మీకేమీ దొరకదు.

కొద్ది లైన్లే వస్తాయి. ప్రశ్న ఉన్న ప్యాకెట్ మీద నొక్కి, కింద యూడీపీ భాగాన్ని విప్పి చూడండి. గమ్యం పోర్టు 53, బయలుదేరిన పోర్టు ఏదో పెద్ద సంఖ్య. డీఎన్‌ఎస్ భాగాన్ని విప్పితే మొట్టమొదట ట్రాన్సాక్షన్ ఐడీ అనే నాలుగు అంకెల హెక్సాడెసిమల్ (పది బదులు పదహారు గుర్తులతో రాసే) సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్యను కాగితం మీద రాసుకుని, జవాబు ప్యాకెట్ తెరవండి. అదే సంఖ్య అక్కడా ఉంటుంది. కింద మీరడిగిన పేరు, దాని ఐపీ చిరునామా, ఆ జవాబును ఎన్ని సెకన్లపాటు గుర్తుపెట్టుకోవచ్చో చెప్పే టీటీఎల్ ఉంటాయి.

ఇప్పుడు మన ప్రశ్న వేసుకుందాం. ఈ జవాబు నిజమైన సర్వర్ నుంచే వచ్చిందని మీ యంత్రం దేన్ని చూసి నమ్మింది? వచ్చిన చిరునామా సరిపోయింది, పోర్టు సరిపోయింది, అడిగిన పేరు సరిపోయింది, ఆ ఐడీ సరిపోయింది, అంతే. చిరునామాను ఎవరైనా అబద్ధం రాయవచ్చు. ఐడీ 16 బిట్లు, అంటే 65,536 అవకాశాలే. పాల్ మొకపెట్రిస్ 1983లో డీఎన్‌ఎస్‌ను రూపొందించినప్పుడు అది సరిపోయేదేమో గానీ, 2008లో డాన్ కమిన్స్కీ అనే భద్రతా పరిశోధకుడు దీన్ని ఆధారం చేసుకుని డీఎన్‌ఎస్ సర్వర్ల జ్ఞాపకంలో తప్పుడు చిరునామాలు చొప్పించడం ఎంత సులువో చూపించాడు. ఆయన దాన్ని వెంటనే బయటపెట్టకుండా ముందు సాఫ్ట్‌వేర్ తయారీదారులకు చెప్పి, అందరూ కలిసి ఒకేసారి మరమ్మతు విడుదల చేసేదాకా ఆగాడు. ఈ రంగంలోకి వచ్చేవారు ఆ నడవడిని కూడా నేర్చుకోవాలని నా కోరిక. మరమ్మతు ఏమిటంటే, మీరు చూసిన ఆ బయలుదేరే పోర్టును ప్రతిసారీ ఊహకందకుండా మార్చడం. ఇందాక ‘ఏదో పెద్ద సంఖ్య’ అని దాటేసిన అంకె ఒక రక్షణ కవచమన్నమాట. జవాబు మీద డిజిటల్ సంతకం పెట్టించే డీఎన్‌ఎస్‌సెక్ వేరే ఉంది, కానీ అన్ని డొమైన్లూ దాన్ని వాడటం లేదు.

తరువాత బ్రౌజర్‌లో అదే వెబ్‌సైట్ తెరిచి, ఫిల్టర్‌ను టీసీపీకి మార్చండి. సిన్, సిన్-ఆక్, ఆక్ అనే మూడు ప్యాకెట్లు వరుసగా కనబడతాయి. సీక్వెన్స్ సంఖ్య (పంపే బైట్లకు వేసే వరుస సంఖ్య) సున్నా అని చూపిస్తుంది, కానీ అది మన సౌకర్యం కోసం వైర్‌షార్క్ లెక్కగట్టి చూపేది. దాని కిందనే అసలు సంఖ్య వేరే లైనులో ఉంటుంది, అది 32 బిట్ల పెద్ద అంకె. అది ఎందుకంత అడ్డదిడ్డంగా ఉండాలి? పాతకాలపు యంత్రాలు దాన్ని ఒక క్రమంలో పెంచుకుంటూ పోయేవి. ఆ క్రమం కనిపెడితే, ఎదుటి యంత్రం ఇచ్చే జవాబును చూడకుండానే మరొకరి పేరుతో సంభాషణ నడపవచ్చని రాబర్ట్ మోరిస్ 1985లోనే రాశారు. ఇప్పుడది ఊహకందని సంఖ్య కావడం వల్ల బయటివాడికి ఆ పని చాలా కష్టం.

మరొక సంగతి. సిన్ అందుకున్న సర్వర్ మూడో ప్యాకెట్ కోసం కొంత జాగా కేటాయించి ఎదురుచూస్తుంది. తప్పుడు చిరునామాలతో సిన్‌లు గుప్పించి మూడోది పంపకపోతే ఆ జాగా నిండిపోయి అసలైన ఖాతాదారులకు చోటుండదు. 1996లో న్యూయార్క్‌లోని పానిక్స్ అనే ఇంటర్నెట్ సేవా సంస్థ మీద ఈ దాడే జరిగింది. ఆ తరువాత వచ్చిన సిన్ కుకీ పద్ధతిలో సర్వర్ ముందుగా జాగా కేటాయించదు. గుర్తుంచుకోవలసిన సమాచారాన్ని తాను పంపే సీక్వెన్స్ సంఖ్యలోనే ఇమిడ్చి పంపి, మూడో ప్యాకెట్ తిరిగి తెచ్చినప్పుడు సరిచూసుకుంటుంది. ఇంత తక్కువ మార్పుతో అంత పెద్ద లోటును సర్దిన ఉపాయాలు ఈ రంగంలో అరుదు.

ఆ మూడు ప్యాకెట్ల తరువాత క్లయింట్ హలో అనే టీఎల్‌ఎస్ ప్యాకెట్ వస్తుంది. దాన్ని ఓపిగ్గా విప్పుతూ పోతే సర్వర్ నేమ్ అనే చోట మీరు తెరిచిన వెబ్‌సైట్ పేరు చాలాసార్లు బట్టబయలుగా కనబడుతుంది. పేజీలో మీరేం చదివారో దాగుతుంది, ఏ సైట్‌కు వెళ్లారో చాలాసార్లు దాగదు. ఒకవేళ టీసీపీ ప్యాకెట్లే కనబడకపోతే కంగారుపడకండి. ఆ సైట్ హెచ్‌టీటీపీ మూడో రూపాన్ని వాడుతూ ఉండవచ్చు, అది యూడీపీ మీద నడిచే క్విక్‌ను ఆధారం చేసుకుంటుంది. అప్పుడు మరొక సైట్‌తో ప్రయత్నించండి.

ప్రశ్న: మా దగ్గర కంప్యూటర్ లేదు, ఆండ్రాయిడ్ ఫోన్ ఒక్కటే ఉంది. వర్షాకాలంలో సిగ్నల్ కూడా సరిగా ఉండదు. ఇలాంటి పరిస్థితిలో ఇవన్నీ నేర్చుకోవడం సాధ్యమేనా?
– ఒక పాఠకుడు, సిరొంచ

జవాబు: సాధ్యమే. సిగ్నల్ బాగున్న రోజున ఆదేశాలు టైపు చేసి నడిపే టెర్మక్స్ అనే యాప్‌ను, అందులో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషనూ, ఏ పోర్టుకైనా నేరుగా మాటలు పంపే నెట్‌క్యాట్‌నూ దించుకోండి. ఆ తరువాత చేసే ఈ సాధనకు ఇంటర్నెట్టే అక్కరలేదు. పైథాన్‌లో సిద్ధంగా ఉన్న చిన్న వెబ్ సర్వర్‌ను నడిపితే అది మీ ఫోన్‌లోనే 8000 పోర్టులో వింటూ కూర్చుంటుంది. టెర్మక్స్‌లోనే రెండో తెర తెరిచి, నెట్‌క్యాట్‌తో 127.0.0.1 చిరునామాలోని (అంటే మీ ఫోన్‌లోనే ఉన్న) ఆ పోర్టును పలకరించండి. గెట్ అనే మాట, ఖాళీ, ఒక ఏటవాలు గీత, ఖాళీ, హెచ్‌టీటీపీ/1.0 అని ఇంగ్లీషు పెద్ద అక్షరాలతో కొట్టి, రెండుసార్లు ఎంటర్ నొక్కండి. బ్రౌజర్ మీ కోసం రోజూ చేసే పనిని మీరే చేత్తో చేశారు. జవాబులో మొదటి లైను 200 ఓకే అని ఉంటుంది. దాని కిందనే సర్వర్ అనే లైనులో సింపుల్‌హెచ్‌టీటీపీ/0.6 అని, పక్కన పైథాన్ వెర్షన్ సంఖ్యతో సహా ఉంటుంది. అడగకుండానే సర్వర్ తన పేరూ, వయసూ చెప్పేసింది చూడండి. పాత వెర్షన్లలో ఏ లోపాలున్నాయో తెలిసినవాడికి ఆ ఒక్క లైను చాలు. ఇక లేని ఫైలు పేరు అడిగి 404 ఎలా వస్తుందో చూడండి, అభ్యర్థన కింద యూజర్-ఏజెంట్ అనే లైను చేర్చి మీకు తోచిన బ్రౌజర్ పేరు రాయండి. సర్వర్ దాన్ని సరిచూడదు, సరిచూసే మార్గమూ దానికి లేదు.

సిగ్నల్ బాగా లేకపోవడాన్ని కూడా పాఠంగా వాడుకోవచ్చు. ‘ఉన్నావా’ అని మళ్లీ మళ్లీ అడిగి జవాబు కోసం చూసే పింగ్ ఆదేశం నడిపి వదిలేయండి. ప్రతి లైనులో వరుస సంఖ్య, మిల్లీసెకన్లలో సమయం వస్తాయి. సంఖ్యలు 14 తరువాత 17కు దూకితే మధ్యలోని రెండు ప్యాకెట్లు పోయాయో, వాటి జవాబులు పోయాయో అన్నమాట. ఇదే నష్టాన్ని టీసీపీ మళ్లీ పంపి పూడుస్తుంది కాబట్టి మీకు పేజీ ఆలస్యంగా వస్తుంది గానీ చిరిగి రాదు. వీడియో కాల్స్ ఎక్కువగా యూడీపీ మీద నడుస్తాయి కాబట్టి అక్కడ మాట మధ్యలో తెగుతుంది. నగరంలో వేగమైన కనెక్షన్ ఉన్నవారికి ఈ తేడా ఇంత స్పష్టంగా కంటికి కనబడదు. ఫోన్‌ను రూట్ చేయకుండానే (లోపలి తాళాలు తీయకుండానే) కనెక్షన్లను నమోదు చేసే పీక్యాప్‌డ్రాయిడ్ అనే యాప్ కూడా ఉంది. మీ ఫోన్‌లోని యాప్‌లు ఎవరెవరితో మాట్లాడుతున్నాయో దానిలో చూడండి.

ప్రశ్న: నాకు పట్టుచీరల దుకాణం ఉంది. మా దుకాణం పేరుకు దగ్గరగా ఉండే పేరుతో ఎవరో నకిలీ సైట్ పెట్టారు, మా పేరుతో ఈమెయిల్స్ కూడా పంపుతున్నారు. ఆ సైట్‌కు తాళం గుర్తు ఉంది కాబట్టి అసలుదేనని నమ్మామని ఖాతాదారులు అంటున్నారు. నకిలీ సైట్‌కు తాళం ఎలా వస్తుంది?
– ఒక వ్యాపారి, బరంపురం

జవాబు: ముందు ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు గానీ, కేంద్ర ప్రభుత్వ సైబర్ నేరాల పోర్టల్‌లో గానీ ఫిర్యాదు చేయండి. డబ్బు పోగొట్టుకున్న ఖాతాదారులు ఉంటే వారు కూడా వెంటనే 1930కి చెప్పాలి. ఆ డొమైన్‌ను నమోదు చేసిన సంస్థకూ, సైట్‌ను నిలిపిన హోస్టింగ్ సంస్థకూ ఆధారాలతో రాయండి.

ఇక తాళం సంగతి. అది చెప్పేది రెండే మాటలు: మధ్యలో ఎవరూ చదవలేరు, మార్చలేరు, మీరు మాట్లాడుతున్నది చిరునామా పట్టీలో కనబడుతున్న పేరు గల సైట్‌తోనే. ఆ పేరు వెనుక ఉన్న మనిషి మంచివాడని అది చెప్పదు. ఆ తాళం రావడానికి కావలసిన సామాన్యమైన సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు ఆ డొమైన్ దరఖాస్తుదారు అధీనంలో ఉందా లేదా అన్నది మాత్రమే చూస్తారు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ వంటి సంస్థలు వాటిని ఉచితంగానే ఇస్తున్నాయి, దాని వల్ల ఇంటర్నెట్‌కు మేలే జరిగింది. కానీ మోసగాడికి కూడా తన సొంత నకిలీ పేరు మీద సర్టిఫికెట్ నిజాయతీగానే దొరుకుతుంది. తాళాన్ని జనం నమ్మకానికి గుర్తుగా పొరబడుతున్నారనే గూగుల్ 2023లో క్రోమ్ నుంచి ఆ గుర్తును తీసి మరొక గుర్తు పెట్టింది. మీ రసీదుల మీద, సంచుల మీద అసలు సైట్ చిరునామాను అక్షరం అక్షరం స్పష్టంగా ముద్రించండి.

ఈమెయిల్ కథ ఇంకా పాతది. ఈమెయిల్స్ పంపే 1982 నాటి ఎస్‌ఎంటీపీ ప్రోటోకాల్‌లో పంపినవారి పేరు ఏది రాస్తే అదే. దాన్ని సరిదిద్దడానికి తరువాత మూడు ఏర్పాట్లు వచ్చాయి. మా డొమైన్ పేరుతో మెయిల్ పంపే హక్కు ఫలానా సర్వర్లకే ఉంది అని ఎస్‌పీఎఫ్ ప్రకటిస్తుంది, డీకిమ్ ఉత్తరం మీద సంతకం పెడుతుంది, ఇవి తప్పితే ఉత్తరాన్ని ఏం చేయాలో డీమార్క్ చెబుతుంది. మీకు సొంత డొమైన్ ఉంటే మూడింటినీ పెట్టించమని మీ సైట్ చూసేవారిని గట్టిగా అడగండి. అయితే దగ్గరి పేరుతో కొన్న వేరే డొమైన్ నుంచి వచ్చే మెయిల్‌ను ఇవి ఆపలేవు, దానికి ఫిర్యాదే మార్గం.

ప్రశ్న: మా హాస్టల్ వైఫైలో ఏఆర్‌పీ స్పూఫింగ్ చేసి చూడాలనుంది. నేర్చుకోవడానికే కదా, తప్పేమైనా ఉందా?
– ఒక విద్యార్థి, ధర్మాబాద్

జవాబు: ఉంది, చేయవద్దు. ఏఆర్‌పీ స్పూఫింగ్ అంటే పైన చెప్పినట్టు ‘రౌటర్‌ను నేనే’ అని అబద్ధం చెప్పి మధ్యలో కూర్చోవడమే. యజమాని అనుమతి లేకుండా నెట్‌వర్క్‌లోకి చొరబడటం, సమాచారం తీసుకోవడం, సేవకు అంతరాయం కలిగించడం సమాచార సాంకేతిక చట్టం 2000లోని 43వ సెక్షన్ కిందికి వస్తాయి. దురుద్దేశంతో లేదా మోసపూరితంగా చేశారని తేలితే 66వ సెక్షన్ ప్రకారం మూడేళ్ల వరకు జైలు గానీ, 5 లక్షల రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. మీ ఉద్దేశం ఏమిటో పోలీసుల ముందు నిరూపించుకోవలసిన అవస్థ ఎందుకు? పైగా ఆ వైఫైలో మీ తోటి పిల్లలు ఇళ్లకు మాట్లాడుకుంటుంటారు. కంప్యూటర్ లోపలే ఉత్తుత్తి కంప్యూటర్లను నడిపే వర్చువల్‌బాక్స్‌లో రెండు మూడు వర్చువల్ యంత్రాలు పెట్టి, వాటిని బయటికి దారి లేని హోస్ట్-ఓన్లీ నెట్‌వర్క్‌లో కలిపి, ఆ లోపలే మీ ప్రయోగం చేయండి. దాడికి ముందు, తరువాత ఏఆర్‌పీ పట్టిక ఎలా మారిందో అక్కడ ఇంకా వివరంగా చూడవచ్చు.

ప్రశ్న: ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కాబట్టి నా ఇంగ్లీషు అంతంతమాత్రం. ప్రోటోకాల్స్ మూల పత్రాలైన ఆర్‌ఎఫ్‌సీలు నేను చదవగలనా?
– ఒక పాఠకురాలు, గునుపురం

జవాబు: చదవగలరు. టీసీపీ పత్రంతో మాత్రం మొదలుపెట్టవద్దు, అది చాలా పెద్దది. 1980 ఆగస్టులో జాన్ పోస్టెల్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 768 తీసుకోండి. యూడీపీ అంతా అందులో మూడు పేజీలే, ఉచితంగా దొరుకుతుంది. మొదటి పేజీలోనే ఒక చిన్న పటం ఉంటుంది: బయలుదేరిన పోర్టు, గమ్యం పోర్టు, పొడవు, చెక్‌సమ్ (దారిలో పొరపాటు పడిందా అని సరిచూసే సంఖ్య). ఒక్కొక్కటి రెండు బైట్లు, మొత్తం ఎనిమిది. ఆ పటాన్ని నోట్‌బుక్‌లో దించుకుని, వైర్‌షార్క్‌లో ఏదైనా డీఎన్‌ఎస్ ప్యాకెట్ తెరిచి యూడీపీ అన్న లైను మీద నొక్కండి. కింద హెక్సాడెసిమల్ అంకెల్లో ఎనిమిది బైట్లు రంగు మారి కనబడతాయి. వాటిని మీ పటంలోని నాలుగు గడుల్లో రెండేసి చొప్పున రాసుకోండి. ప్రశ్న ప్యాకెట్ అయితే రెండో గడిలో 0035 వస్తుంది, అంటే మన లెక్కలో 53. మిగతా మూడు గడులకు అర్థం ఆ మూడు పేజీల్లోనే ఉంది. తెలియని మాటలు తగిలితే వాటిని మాకు రాసి పంపండి, వచ్చే నెల వివరిస్తాం.